పిల్లలతో ఇంట్లోనే ఆట తయారుచేద్దామా? ఏ వయసుకి ఏది, ఏ ఇంటికి ఏది

వేసవి సెలవుల్లో పదకొండు దాటితే మన విజయనగరం, శ్రీకాకుళం ఎండకి పిల్లల్ని వీధిలోకి పంపలేం. ఫోను చేతికిస్తే సాయంత్రం దాకా తలెత్తరు. అలాంటప్పుడు అట్టముక్కలు, కత్తెర, స్కెచ్ పెన్నులు ముందేసుకుని పిల్లలతో కలిసి ఒక ఆట తయారుచేయడం కంటే మంచి పని లేదు. కానీ ఏ ఆట? వైకుంఠపాళి గీయాలా, అష్టాచెమ్మాయా, జత కార్డులు కత్తిరించాలా? చాలామంది చేయడానికి ముచ్చటగా ఉండేదాన్ని ఎంచుకుంటారు. ఆడటానికి బాగుంటుందా అని చూసుకోరు. అందుకే రంగులద్ది, మెరుపులు అంటించి ఎంతో ఇష్టంగా చేసిన ఆట రెండోరోజుకే బీరువా మీదకి ఎక్కుతుంది.

నేను చెప్పేది ఒకటే. ముందు ఎవరు ఆడతారో చూసుకోండి, ఏం చేయాలో తర్వాత ఆలోచించండి. ఇంట్లో అందరికంటే చిన్నవాళ్లకి ఎన్నేళ్లు? మామూలు రోజున ఆటకి కూర్చునేది ఎంతమంది? ఓడిపోతే మీ పిల్లాడు ఏం చేస్తాడు? ఈ మూడూ తేల్చుకుంటే సగం పని అయిపోయినట్టే. ఇంకో మాట. మొదటిసారి రంగులు వద్దు. పాత క్యాలెండరు వెనక పెన్సిల్‌తో గీసి, చింతపిక్కలు పెట్టి రెండు మూడు ఆటలు ఆడేయండి. పిల్లలు "మళ్లీ ఆడదాం" అన్నారంటే అప్పుడు అట్ట, జిగురు తీయండి. అనలేదంటే పోయింది ఒక్క కాగితమే.

నాలుగు నుంచి ఆరేళ్ల వాళ్లుంటే

ఈ వయసుకి అందరూ ముందుగా వైకుంఠపాళి గీస్తారు. మంచిదే. అంకెలు వస్తాయి, నిచ్చెన ఎక్కినప్పుడు ఆ ముఖంలో వెలుగు చూడాలి. కాకపోతే నూరు గళ్లు గీయడమే ఇబ్బంది. పాచిక ఒకసారి వేస్తే సగటున మూడున్నర పడుతుంది. అంటే పాములు, నిచ్చెనలు లేకపోయినా నూరు గళ్లు దాటడానికి ఒక్కొక్కరికి దాదాపు ముప్పై సార్లు పాచిక వేయాలి. నలుగురు కూర్చుంటే నూట ఇరవై వేతలు. నాలుగేళ్ల పిల్ల అంతసేపు కూర్చోదు, కూర్చోవాలని మనం అనుకోకూడదు కూడా. ఆరు వరసలు, ఆరు నిలువులు, మొత్తం 36 గళ్లు చాలు. రెండు పాములు, మూడు నిచ్చెనలు. పాముల కంటే నిచ్చెనలు ఒకటి ఎక్కువ ఉండాలి. పాము తల మరీ పైగళ్లలో పెట్టకండి. గెలుపు అందబోతుండగా అడుగుకి జారిపోతే పెద్దవాళ్లు నవ్వుకుంటారు, చిన్నవాళ్లకి ఏడుపు ఆగదు.

పాములు వద్దనుకుంటే రైలు దారి గీయండి. మన వైపు పిల్లలకి ఇది బాగా పడుతుంది, ఎందుకంటే ఆ ఊళ్లు వాళ్లు విన్నవే. ఇచ్ఛాపురంలో బయల్దేరి సోంపేట, పలాస, నౌపడ, తిలారు, ఆమదాలవలస, పొందూరు, చీపురుపల్లి, నెల్లిమర్ల మీదుగా విజయనగరం చేరాలి. స్టేషనుకీ స్టేషనుకీ మధ్య మూడేసి గళ్లు పెడితే ముప్పై ఆరు అడుగుల దారి అవుతుంది. పలాసలో ఆగితే జీడిపప్పు కొనుక్కుని ఇంకో వేత, "సిగ్నల్ లేదు" గడిలో పడితే ఒక వంతు ఆగాలి. ఇలాంటివి పిల్లల చేతే చెప్పించండి. ఒకసారి మొదలుపెడితే మీరు ఆపమన్నా ఆపరు. అమ్మమ్మగారి ఊరు దారిలో ఉంటే ఆ గడికి ప్రత్యేకమైన నియమం పుట్టి తీరుతుంది.

దారి ఆటలతో ఒక లోపం ఉంది. అంతా పాచిక చేతిలోనే ఉంటుంది, పిల్లాడు ఆలోచించాల్సింది ఏమీ ఉండదు. ఏడేళ్లు దాటాక విసుగొస్తుంది. అదే జత కార్డులైతే నాలుగేళ్ల పిల్ల నాన్నని నిజంగానే ఓడించగలదు. ఎవరూ ఊరికే వదిలేయనక్కర్లేదు. కార్డులన్నీ బోర్లా పరిచి, రెండేసి తిప్పుతూ, ఒకేలా ఉన్న జతని పట్టుకోవడమే ఆట. చిన్నవాళ్లకి ఆరు జతలతో మొదలుపెట్టి, అలవాటయ్యాక పది పన్నెండుకి పెంచండి.

దీనికి అట్ట ఎక్కడిది అంటారా? పెళ్లి శుభలేఖలు. మందంగా ఉంటాయి, నున్నగా ఉంటాయి, మూల తొందరగా వంగదు. కాకపోతే వేర్వేరు పెళ్లిళ్ల శుభలేఖలు కలిపితే వెనకవైపు చూసే ఏ కార్డేదో పిల్లలు కనిపెట్టేస్తారు. చుట్టాలింట్లో పంచగా మిగిలిపోయిన కట్ట అడిగి తెచ్చుకుంటే అన్నీ ఒకే రకం. అది దొరక్కపోతే వెనక అన్నింటికీ ఒకే రంగు కాగితం అంటించాలి. స్కెచ్ పెన్ను రంగు వెనక్కి దిగుతుంది, క్రేయాన్లే మేలు.

బొమ్మలు ఏం వేయాలన్నది వయసుని బట్టి. నాలుగేళ్లకి రెండు మామిడికాయలు, రెండు పడవలు, రెండు ఆవులు. ఏడెనిమిదేళ్లకి ఒకేలాంటి బొమ్మలు వద్దు, ఊరికీ వస్తువుకీ జత కట్టండి. పొందూరుకి ఖాదీ, బుడితికి కంచు చెంబు, బొబ్బిలికి వీణ, పలాసకి జీడిపప్పు, అరసవల్లికి సూర్యుడు, శ్రీకూర్మానికి తాబేలు, విజయనగరానికి సిరిమాను. పాఠంలా చెప్తే వినని పిల్లలు ఈ జతలు రెండు రోజుల్లో అప్పజెప్పేస్తారు.

ఓడితే తట్టుకోలేని పిల్లలకి

ప్రతి ఇంట్లో ఒకరుంటారు. ఓడిపోగానే బోర్డు తిరగేసి లోపలికి వెళ్లిపోతారు. వాళ్లని గెలిపించడం కోసం మీరు దొంగాట ఆడకండి, పిల్లలు పట్టేస్తారు. అందరూ ఒకవైపే ఉండి ఆడే ఆట చేయండి. గెలిస్తే అందరూ గెలుస్తారు, ఓడితే అందరూ ఓడతారు. చిన్నవాళ్లున్న ఇంటికి నేను మనసారా చెప్పేది ఇలాంటి ఆటే. కాబట్టి దీన్ని కాస్త వివరంగా రాస్తాను.

మన తీరానికి ఏటా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒక్కో గుంటలో నూరుకి అటూ ఇటూగా గుడ్లు ఉంటాయి. పిల్లలు ఎక్కువగా రాత్రిపూట ఇసుకలోంచి బయటకొచ్చి, సముద్రం మీది వెలుతురు చూసుకుంటూ నీళ్లవైపు పాకుతాయి. ఒడ్డున వీధిదీపాలుంటే దారి తప్పి అటు వెళ్లిపోతాయి. తెల్లవారితే కాకులు, గద్దలు కాచుకుని ఉంటాయి. ఆటకి కావలసినదంతా ఇందులోనే ఉంది.

అట్ట మీద ఒకవైపు ఇసుక, ఇంకోవైపు సముద్రం. మధ్యలో పన్నెండు గళ్ల దారి, పన్నెండో గడే సముద్రం. దారిలో మధ్యన ఒక గడిలో వీధిదీపం గీయండి. దాని మీద ఆగిన తాబేలు పిల్ల రెండు గళ్లు వెనక్కి పోతుంది. నాలుగు తాబేలు పిల్లలు, సీసా మూతలకి ఆకుపచ్చ కాగితం అంటిస్తే చాలు. బోర్డు పక్కన విడిగా సూర్యుడికి ఇంకో దారి, పద్నాలుగు గళ్లు. సూర్యుడు పైకొచ్చేలోపు నలుగురూ సముద్రం చేరాలి.

వంతులవారీగా పాచిక వేస్తారు. ఒకటి నుంచి నాలుగు పడితే ఏదో ఒక తాబేలుని అన్ని గళ్లు జరపాలి. దేన్ని జరపాలో అందరూ కలిసి మాట్లాడుకుంటారు. అయిదు గానీ ఆరు గానీ పడితే సూర్యుడు ఒక గడి పైకొస్తాడు. లెక్క చూస్తే నాలుగు తాబేళ్లకి కలిపి నలభై ఎనిమిది అడుగులు కావాలి. కదిలే వేతకి సగటున రెండున్నర అడుగులు. మూడింట ఒక వేత సూర్యుడికి పోతుంది. అంటే ముప్పై వేతలకి కాస్త అటూ ఇటూగా ఆట తేలుతుంది, ఆ లోపల సూర్యుడు పది పదకొండు గళ్లు ఎక్కుతాడు. అందుకే పద్నాలుగు గళ్లుంటే చాలావరకు పిల్లలే గెలుస్తారు. అలవాటయ్యాక పన్నెండుకి తగ్గించండి, అప్పుడు చివరి తాబేలు దగ్గర ఊపిరి బిగబట్టి కూర్చుంటారు.

ఈ ఆటలో ఏడుపు ఉండదని చెప్పను. ఓడిపోయినప్పుడు తాబేలు కోసం ఏడ్చే పిల్లలున్నారు. కానీ అన్నని కొట్టరు.

ఏడేళ్లు దాటాక: అష్టాచెమ్మాకే నా ఓటు

ఒక్క ఆటే చేసే ఓపిక ఉంది, ఇంట్లో ఏడెనిమిదేళ్ల పిల్లలున్నారు, నాన్నమ్మో తాతో ఉన్నారు అంటే ఇంకేమీ ఆలోచించకండి. అష్టాచెమ్మా గీయండి. పాచిక అదృష్టం సగం, ఆలోచన సగం ఉండే ఆట ఇది. పైగా నియమాలు చెప్పడానికి ఇంట్లోనే మనిషి ఉంటారు. పిల్లలకి నేర్పే పని పెద్దవాళ్లకి అప్పగిస్తే వాళ్లకీ సంతోషం.

గీయడం చాలా తేలిక. ముప్పై సెంటీమీటర్ల స్కేలుతో అయిదేసి సెంటీమీటర్ల గళ్లు, అటు అయిదు, ఇటు అయిదు. నాలుగు పక్కలా నడిమి గడిలోనూ, సరిగ్గా మధ్య గడిలోనూ ఇంటూ గుర్తు కొట్టండి. పక్కల ఉన్న నాలుగూ ఆటగాళ్ల ఇళ్లు, అక్కడున్న కాయని ఎవరూ చంపకూడదు. మధ్యది పండే చోటు. బయటి వరస చుట్టూ ఒకవైపు తిరిగి, లోపలి వరసలో ఎదురువైపు తిరిగి, మధ్యకి చేరాలి. ఎదుటివాళ్ల కాయని ఒక్కటైనా చంపితేగానీ లోపలి వరసలోకి రానివ్వరు.

నాలుగు గవ్వలు వేస్తారు. ఎన్ని వెల్లకిలా పడితే అన్ని. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. ఆ రెండు పడితే ఇంకో వేత. ఊరూరికీ కొన్ని తేడాలుంటాయి, మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎలా ఆడారో అలాగే ఆడండి.

చిన్న సవరణ ఒకటి చెప్తాను. మామూలుగా ఒక్కొక్కరికి నాలుగు కాయలు. మీ ఇంటి నుంచి మధ్య గడికి 24 అడుగులు. గవ్వ బోర్లా పడటం, వెల్లకిలా పడటం సమానమే అనుకుంటే ఒక వేతకి సగటున రెండున్నర వస్తుంది. అంటే ఒక కాయ పండటానికి పది వేతలు, నాలుగు కాయలకి నలభై. నలుగురు ఆడితే పూట గడిచిపోతుంది. పెద్దవాళ్లకి అదే కావాలి, పిల్లలకి కాదు. మొదట్లో తలా రెండు కాయలతో ఆడించండి. ఇంకో విషయం, కొన్నిళ్లలో చెమ్మా గానీ అష్టా గానీ పడితేనే కాయ బయల్దేరనిస్తారు. ఆ రెండింట్లో ఏదో ఒకటి పడే అవకాశం పదహారింట రెండు, అంటే సగటున ఎనిమిది వేతలు ఊరికే ఎదురుచూడాలి. ఎనిమిదేళ్లలోపు వాళ్లకి ఆ నియమం తీసేయండి.

అష్టాచెమ్మా బోర్డుకి అట్ట కంటే బట్ట మంచిదని నా అభిప్రాయం. పాత తెల్ల దుప్పటి ముక్క మీద ఫాబ్రిక్ పెయింటుతో గీస్తే చుట్టి సంచిలో పెట్టుకోవచ్చు, రైల్లో కింది బెర్తు మీద పరుచుకోవచ్చు, మురికైతే ఉతుక్కోవచ్చు. రంగు ఆరాక వెనకవైపు నుంచి ఇస్త్రీ చేస్తే నిలబడుతుంది. ఇస్త్రీ మాత్రం పెద్దవాళ్లే చేయాలి.

ఇద్దరే ఉన్నారా?

ఒక్కడే కొడుకు, ఆడేది నాన్నతో. లేదా అక్కాతమ్ముళ్లు ఇద్దరే. అలాంటి ఇంట్లో నలుగురి ఆటలు వెలితిగా ఉంటాయి. ఇక్కడ పోటీ పులి-మేకకీ దాడి ఆటకీ మధ్య. రెండింటికీ పాచిక అక్కర్లేదు, గీతలూ పిక్కలూ ఉంటే చాలు. అదృష్టం అనే మాటే లేదు కాబట్టి ఓడితే పూర్తిగా మన ఆలోచనే ఓడినట్టు. అది తట్టుకోగలిగే వయసు రావాలి, ఎనిమిది తొమ్మిదేళ్లు.

దాడిలో ఇద్దరికీ తొమ్మిదేసి కాయలు. ఒకదానిలో ఒకటిగా మూడు చతురస్రాలు గీసి, పక్కల నడిమి చోట్లని కలిపితే 24 చుక్కలొస్తాయి. మూడు కాయలు వరసగా పేరిస్తే ఎదుటివాళ్ల కాయ ఒకటి తీసేయాలి. ఇద్దరి బలమూ సమానం. పెద్దవాళ్లకీ పిల్లలకీ మధ్య ఆడితే పెద్దవాళ్లే గెలుస్తూ ఉంటారు. కాబట్టి ఇది దగ్గర దగ్గర వయసున్న పిల్లలకి బాగుంటుంది.

పులి-మేక అలా కాదు. మూడు పులులు, పదిహేను మేకలు. రెండు పక్షాల పని వేరు. పులి దూకి చంపాలి, మేకలు కలిసికట్టుగా పులిని కదలనీయకుండా చుట్టేయాలి. ఇందులో ఏ పక్షం ఎవరికిచ్చినా ఆట రక్తి కడుతుంది. మొదట్లో పిల్లాడికి పులి ఇవ్వండి, దూకడం ఎవరికైనా వస్తుంది. మేకలు నడపడం అసలైన విద్య. బొబ్బిలి పిల్లలైతే పులికి పేరు వెతుక్కోనక్కర్లేదు, 1757 నాటి బొబ్బిలి యుద్ధం కథ, తాండ్ర పాపారాయుడి పేరు వినని పిల్లలు ఆ ఊళ్లో ఉండరు.

బోర్డు గీయడం చాలామంది మర్చిపోయారు కాబట్టి చెప్తున్నా. పైన ఒక చుక్క. అక్కడి నుంచి కిందకి విసనకర్ర ఈనెల్లా నాలుగు గీతలు. వాటిని కోస్తూ అడ్డంగా మూడు గీతలు, రెండు వైపులా కాస్త బయటకి సాగాలి. సాగిన చివర్లని ఇటొక నిలువు గీత, అటొక నిలువు గీతతో కలిపేయాలి. అట్టడుగున నాలుగు గీతల చివర్లనీ కలుపుతూ ఇంకో అడ్డగీత. గీతలు కలిసే చోట్లు లెక్కపెట్టండి. పైన ఒకటి, మూడు అడ్డగీతల మీద ఆరేసి, అడుగున నాలుగు, మొత్తం 23 రావాలి. రాకపోతే ఎక్కడో గీత తప్పింది.

పులి ఒకటి శిఖరం మీద, మిగతా రెండూ దానికి దిగువన మొదటి అడ్డగీత మీద పెట్టి మొదలుపెడతారు. మేకలవాళ్లు ఒక్కొక్కటీ దింపుతుంటే, ఒక్కో మేకకి ఒక్కో పులి అడుగు. పదిహేను మేకలూ దిగాకే మేకలు కదలాలి. ఈ నియమం పిల్లలు మర్చిపోతుంటారు, మొదటి ఆటల్లో పక్కన కూర్చుని గుర్తుచేయండి.

వామన గుంటలు, గుడ్ల అట్ట

వామన గుంటలకి చెక్క పీట కొనక్కర్లేదు. కోడిగుడ్లు వచ్చే ముప్పై గుంటల అట్ట ఉంటే చాలు. దానిలో వరసకి ఆరు గుంటలే ఉంటాయి, ఆటకి వరసకి ఏడు కావాలి. రెండు వరసలు కత్తిరించి, మిగిలిన అట్టలోంచి రెండు గుంటలు విడిగా తీసి చివర అంటించండి. అంత ఓపిక లేకపోతే ఆరేసి గుంటలతోనే ఆడొచ్చు, ఆట కాస్త చిన్నదవుతుంది అంతే. గుంటకి అయిదేసి పిక్కలు. పద్నాలుగు గుంటలకి 70 కావాలి.

ఈ ఆట గొప్పతనం లెక్కల్లో ఉంది. ఒక గుంటలోవి తీసి వరసగా ఒక్కొక్కటీ పంచుతూ పోవాలి. అయిపోతే తర్వాతి గుంటలోవి తీసి మళ్లీ పంచాలి. ఖాళీ గుంట వస్తే దాని పక్క గుంటలోవి మనవి, అక్కడితో వంతు ఆగుతుంది. అయిదారేళ్ల పిల్ల వేళ్లతో లెక్కపెట్టుకుంటూ ఆడుతుంది. పదేళ్ల పిల్ల ఎక్కడ ఆగుతుందో ముందే చూసుకుని ఆడుతుంది. ఒకే ఆట, రెండు వయసులకీ సరిపోతుంది. దీనికి సాటి వచ్చేది ఈ మొత్తంలో ఇంకోటి లేదు. లోపం కూడా చెప్పాలి. ఇద్దరే ఆడగలరు, మూడోవాడు చూస్తూ కూర్చోవాలి. గుడ్ల అట్ట మెత్తది, వాన తేమకి ఉబ్బుతుంది, ఒక్క సెలవులకి మించి ఉండదు. వాడే ముందు రెండు మూడు రోజులు ఎండలో పెట్టండి, గుడ్డు సొన అంటి ఉన్న అట్ట అసలు వాడకండి.

పాచికా, గవ్వలా, పిక్కలా?

కాగితపు పాచిక చేయడం పిల్లలకి చాలా ఇష్టం. ఆరు చతురస్రాలు సిలువలా గీసి మడిచి అంటిస్తే ఘనం తయారవుతుంది. ఎదురెదురు ముఖాల మొత్తం ఏడు రావాలి, ఒకటికి ఎదురుగా ఆరు, రెండుకి అయిదు, మూడుకి నాలుగు. చేయడం మంచి పాఠమే గానీ ఆటకి పనికిరాదు. జిగురు ఎక్కువైన వైపు బరువెక్కుతుంది, మూల నలిగితే ఎప్పుడూ ఒకే అంకె పడుతుంది. నాకైతే చింతపిక్కలే ఇష్టం. నాలుగు పిక్కలు తీసుకుని ఒకవైపు గరుకు గచ్చు మీద అరగదీస్తే నల్లటి తోలు పోయి తెల్లగా వస్తుంది. తెల్లవైపు ఎన్ని పడితే అన్ని, నాలుగూ నల్లగా పడితే ఎనిమిది. మా ఇంట్లో అరగదీసే పని ఎప్పుడూ పిల్లలదే, ఆట మొదలవ్వకముందే అదొక ఆట.

గవ్వలు చేతికి బాగుంటాయి, చప్పుడు బాగుంటుంది. కానీ గవ్వ వీపు గుండ్రంగా, కడుపు బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి రెండు వైపులా సమానంగా పడవు, గవ్వ గవ్వకీ తేడా ఉంటుంది. పెద్దవాళ్లు దానికి అలవాటుపడిపోయారు. ఆరు దాకా అంకెలు కావలసిన తాబేళ్ల ఆట లాంటివాటికి మాత్రం కొట్లో ప్లాస్టిక్ పాచిక కొనేయండి.

కాయల విషయంలో జాగ్రత్త కావాలి. సీసా మూతలు, బొత్తాలు, కళింగపట్నం, బారువ ఒడ్డున ఏరుకొచ్చిన చిప్పలు, కుంకుడు పిక్కలు అన్నీ బాగుంటాయి. గురివింద గింజలు మాత్రం వద్దు. పాతకాలంలో వామన గుంటలకి వాడేవారు, ఎర్రగా నల్లమచ్చతో అందంగానే ఉంటాయి. కానీ ఆ గింజ లోపలిది ప్రాణం తీసే విషం, పిల్లలు నోట్లో పెట్టుకుని నమిలితే చాలా ప్రమాదం. ఆముదం గింజలూ అంతే. ఉద్దానం వైపు పిల్లలకి జీడిపిక్కలు ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి. పచ్చి జీడిపిక్క పెంకులో ఉండే నూనె తగిలితే చర్మం కాలి పొక్కుతుంది, వాటితో ఆడనివ్వకండి. ఇంట్లో మూడేళ్లలోపు వాళ్లుంటే చింతపిక్కలు కూడా వద్దు. నోట్లోనో ముక్కులోనో పెట్టుకుంటారు. వాళ్ల ముందు పెద్ద మూతలతోనే ఆడండి.

జిగురుకి కొన్నది వాడినా మైదా ఉడకబెట్టినా ఫరవాలేదు. ఒక వంతు మైదాకి నాలుగైదు వంతుల నీళ్లు పోసి, ఉండలు కట్టకుండా కలుపుతూ ఉడికించాలి. చీమలు, బొద్దింకలు పట్టకుండా కొందరు మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లల చేతికిచ్చే జిగురులో కలపకూడదు. పూర్తిగా ఆరబెట్టి డబ్బాలో పెడితే సరిపోతుంది. అట్టకి ఒకవైపే కాగితం అంటిస్తే ఆరాక అప్పడంలా వంగిపోతుంది, వెనక కూడా ఏదో ఒక కాగితం అంటించి పుస్తకాల కింద రాత్రంతా ఉంచండి.

చుట్టాలొచ్చినప్పుడు, కరెంటు పోయినప్పుడు

సిరిమాను పండక్కి ఇంటినిండా పిల్లలు దిగితే పైన చెప్పినవేవీ చాలవు. అప్పుడు తంబోలా. అసలు టికెట్టులో మూడు వరసలు, తొమ్మిది నిలువులు, వరసకి అయిదు చొప్పున 15 అంకెలు ఉంటాయి, 1 నుంచి 90 దాకా పిలుస్తారు. ఇరవై మందికి చేత్తో రాయడం పెద్ద పనే. పిల్లలకి తొమ్మిది గళ్ల టికెట్టు, 30 లోపు అంకెలు పెట్టుకుంటే రాసుకునే పని వాళ్లకే అప్పగించొచ్చు. గళ్లలో అంకెలు ఎవరిష్టం వాళ్లు రాసుకుంటారు, మీరు చీటీలు తీస్తూ పిలవడమే. తయారీ తక్కువ, సందడి ఎక్కువ.

తుపాను రోజుల సంగతి మన రెండు జిల్లాలకీ ఎవరూ చెప్పనక్కర్లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో ఎన్నో ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటి రాత్రికి జత కార్డులు పనికిరావు, బొమ్మ కనబడదు. సన్నటి రంగుగీతల బోర్డు కూడా అంతే. తెల్లటి దాని మీద లావుగా నల్లగీతలు గీసిన అష్టాచెమ్మాయో పులి-మేకో అయితే టార్చి వెలుతురుకి సరిపోతుంది. వామన గుంటలైతే ఇంకా మంచిది, చేత్తో తడిమి కూడా ఆడొచ్చు. అక్టోబరు, నవంబరు నెలలకి ఇలాంటిది ఒకటి సిద్ధంగా ఉంచుకోండి.

ఇక నాలుగేళ్ల చెల్లి, పదేళ్ల అన్న ఉన్న ఇల్లు. చాలామంది అడిగేది ఇదే. రెండు ఆటలు చేయకండి, ఎవరి ఆట వాళ్లు ఆడుకుంటే కలిసి కూర్చోరు. మొదట తాబేళ్ల ఆట చేయండి, పాచిక చెల్లి వేస్తుంది, దేన్ని జరపాలో అన్న చెప్తాడు. చెల్లికి అయిదు దాటాక గుడ్ల అట్ట వామన గుంటలు. అష్టాచెమ్మాలోకి వచ్చినప్పుడు చెల్లికి ఒక్క కాయ, అన్నకి మూడు కాయలు ఇవ్వండి. చంపకుండానే లోపలి వరసలోకి వెళ్లే వీలు చెల్లికి మాత్రం ఉంచండి. ఈ తేడా ఎందుకో అన్నకి ముందే, ఆట మొదలవ్వకముందే చెప్పి ఒప్పించండి. మధ్యలో చెప్తే ఒప్పుకోడు.